ముందు కీపర్, తర్వాతే బ్యాట్స్‌మన్: గిల్‌క్రిస్ట్ ఆటపై ఒక పరిశీలన

వరంగల్‌లోనైనా కరీంనగర్‌లోనైనా జిల్లా స్థాయి క్రికెట్ జట్టును ఎంపిక చేసేటప్పుడు వికెట్ కీపర్ దగ్గరికి వచ్చేసరికి ముందుగా వినిపించే ప్రశ్న ‘బ్యాటింగ్ వస్తదా?’ అన్నదే. అడగకూడని ప్రశ్నేమీ కాదది. అయితే ‘బంతి పట్టగలడా?’ అన్న ప్రశ్న దాని వెనకకు పోయి, కొన్నిచోట్ల పూర్తిగా మాయమైపోవడం మాత్రం ఆలోచించవలసిన విషయం. బాగా బ్యాటింగ్ చేసే కుర్రాడిని పిలిచి చేతికి గ్లవ్స్ ఇచ్చి వికెట్ల వెనక నిలబెట్టే ఈ పద్ధతికి సమర్థనగా పాతికేళ్లుగా ఒకే పేరు చెబుతూ వస్తున్నారు. ఆ పేరు ఆడమ్ గిల్‌క్రిస్ట్. ఆస్ట్రేలియా తరఫున 96 టెస్టులు, 287 వన్డేలు ఆడిన ఈ ఎడమచేతి వాటం ఆటగాడి ప్రస్థానాన్ని మొదటి నుంచి చివరి దాకా పరిశీలిస్తే, ఆ సమర్థనకు అందులో ఆధారం దొరకదు. బ్యాట్ ఆయనకు పేరు తెచ్చిపెట్టింది, నిజమే. కానీ తన జీవితంలోని కీలకమైన నిర్ణయాలన్నీ ఆయన కీపర్‌గా ఆలోచించి తీసుకున్నవే.

1971 నవంబరు 14న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని బెల్లింజెన్‌లో పుట్టిన గిల్‌క్రిస్ట్, 1992–93 సీజన్‌లో ఆ రాష్ట్ర జట్టులోకి వచ్చింది బ్యాట్స్‌మన్‌గానే. అప్పటికి ఆ జట్టులో కీపింగ్ బాధ్యత ఫిల్ ఎమెరీది. బ్యాట్స్‌మన్‌గా అక్కడే ఉండిపోయి అవకాశం కోసం ఎదురు చూడవచ్చు, లేదా గ్లవ్స్ దొరికే చోటికి వెళ్లిపోవచ్చు. ఆయన రెండో దారి పట్టాడు. 1994లో దేశం తూర్పు అంచు నుంచి పడమటి అంచుకు, సిడ్నీ నుంచి పెర్త్‌కు మారిపోయి, వెస్టర్న్ ఆస్ట్రేలియా జట్టులో అక్కడివారి అభిమాన కీపర్ టిమ్ జోరర్ స్థానంలో దిగాడు. స్థానిక ప్రేక్షకులకు ఆ మార్పు మొదట్లో నచ్చలేదు. బ్యాటింగే తన అసలు బలమని నమ్మే ఇరవై రెండేళ్ల యువకుడు, ఎవరికీ ఇష్టం లేని చోట, కీపింగ్ కోసం కొత్తగా జీవితం మొదలుపెట్టడు. లీగ్ క్రికెట్ కోసం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ చేరే వరంగల్ కుర్రాళ్లకు ఊరు మారడంలోని కష్టం విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ పెర్త్ మైదానంలోనే, బంతి ఛాతీ ఎత్తుకు ఎగిరివచ్చే పిచ్‌పై, ఆయన కీపింగ్ రాటుదేలింది. 1996 మార్చిలో అడిలైడ్‌లో జరిగిన, ఆస్ట్రేలియా రాష్ట్రాల మధ్య పోటీ అయిన షెఫీల్డ్ షీల్డ్ ఫైనల్లో అజేయంగా చేసిన 189 పరుగులు ఆయన పేరును దేశమంతా వినిపించాయి.

అంతర్జాతీయ ప్రవేశం మన దేశంలోనే జరిగింది. 1996 అక్టోబరు 25న ఫరీదాబాద్‌లో, గాయపడిన ఆస్ట్రేలియా కీపర్ ఇయాన్ హీలీకి బదులుగా, దక్షిణాఫ్రికాపై తొలి వన్డే ఆడాడు. ఆస్ట్రేలియా సెలెక్టర్లు వన్డే జట్టునూ టెస్టు జట్టునూ వేర్వేరుగా చూడడం మొదలుపెట్టాక 1997–98లో వన్డేల్లో హీలీ స్థానం ఈయనకు దక్కింది. 1998 జనవరిలో ఓపెనర్‌గా పంపగా, ఆ నెలలోనే సిడ్నీలో దక్షిణాఫ్రికాపై తొలి సెంచరీ వచ్చింది. టెస్టుల కోసం మాత్రం 1999 నవంబరు దాకా ఆగవలసి వచ్చింది. 28వ పుట్టినరోజుకు తొమ్మిది రోజుల ముందు, పాకిస్థాన్‌పై బ్రిస్బేన్‌లో తొలి టెస్టు ఆడాడు. బ్రిస్బేన్ హీలీ సొంత మైదానం. అక్కడ ఒక వీడ్కోలు టెస్టు ఆడనివ్వమని హీలీ అడిగినా సెలెక్టర్లు ఒప్పుకోలేదు. పెర్త్‌లో లాగానే ఇక్కడా ప్రేక్షకులు ముభావంగా చూశారు. ఆయన 81 పరుగులు చేశాడు. హోబర్ట్‌లో జరిగిన రెండో టెస్టులో 369 పరుగుల లక్ష్యం ముందు ఆస్ట్రేలియా 5 వికెట్లకు 126 వద్ద ఓటమి అంచున ఉంది. ఎదురుగా వసీం అక్రమ్, వకార్ యూనిస్, షోయబ్ అక్తర్, సక్లైన్ ముస్తాక్. గిల్‌క్రిస్ట్, జస్టిన్ లాంగర్ కలిసి 238 పరుగులు జోడించారు; లాంగర్ 127 వద్ద ఔటైనా, గిల్‌క్రిస్ట్ 149 పరుగులతో చివరిదాకా నిలిచి గెలిపించాడు. అది ఆయన రెండో టెస్టు మాత్రమే.

ఈ ఇన్నింగ్స్ విలువ తెలియాలంటే అంతకు ముందున్న కీపర్ల లెక్కలు ఒకసారి చూడాలి. ఆస్ట్రేలియాకే ఆడిన రాడ్ మార్ష్ టెస్టు బ్యాటింగ్ సగటు 26.51, ఇయాన్ హీలీది 27.39, మన సయ్యద్ కిర్మాణీది 27.04. వేర్వేరు కాలాల్లో ఆడిన ముగ్గురు గొప్ప కీపర్ల సగటు దాదాపు ఒకే చోట ఆగడం యాదృచ్ఛికం కాదు. ఏడో స్థానంలో దిగి ఆ మాత్రం పరుగులు చేస్తే కీపర్ తన పని చేసినట్టేనని ప్రపంచం ఒప్పుకున్న కొలత అది. గిల్‌క్రిస్ట్ సగటు 47.60. ఒక్కో ఇన్నింగ్స్‌కు ఇరవై పరుగుల తేడా. 5,570 పరుగులు, 17 సెంచరీలు. టెస్టుల్లో వంద సిక్సర్లు కొట్టిన మొదటి ఆటగాడు ఆయనే. బ్యాటింగ్ చేయగల కీపర్లు అంతకు ముందు లేరని కాదు. 1930ల్లో ఇంగ్లండ్‌కు ఆడిన లెస్ ఏమ్స్ సగటు 40.56, గిల్‌క్రిస్ట్ సమకాలికుడైన జింబాబ్వే ఆటగాడు ఆండీ ఫ్లవర్ సగటు 50 దాటింది. మనకు 1967లో మద్రాసులో వెస్టిండీస్‌పై లంచ్‌లోపే 94 పరుగులు చేసిన ఫరూక్ ఇంజనీర్ ఉన్నాడు. గిల్‌క్రిస్ట్‌లో కొత్తదనం ఆయన దిగే స్థానం, ఆడే వేగం రెండూ కలవడంలో ఉంది.

ఏడో స్థానం అంటే ఏమిటో కొంచెం దగ్గరగా చూద్దాం. ఐదు వికెట్లు పడ్డాక ఎదుటి కెప్టెన్ మనసులో ఒక లెక్క మొదలవుతుంది: ఇంకో గంటలో ఇన్నింగ్స్ ముగించవచ్చు, మన ఓపెనర్లు ప్యాడ్లు కట్టుకోవచ్చు. అతని ప్రధాన బౌలర్లు అప్పటికే ఇరవై ఓవర్ల చొప్పున వేసి అలసిపోయి ఉంటారు. సరిగ్గా ఆ సమయంలో, వంద బంతులకు 82 పరుగుల చొప్పున కొట్టే బ్యాట్స్‌మన్ వస్తే కెప్టెన్ స్లిప్‌లను తీసి బౌండరీకి పంపవలసి వస్తుంది. ఫీల్డ్ చెదిరిపోయాక అవతలి ఎండ్‌లోని బ్యాట్స్‌మన్‌కు కూడా పరుగులు సులభమవుతాయి. 2001 ఫిబ్రవరి–మార్చిలో ముంబయి టెస్టులో మనకు జరిగింది ఇదే. ఆస్ట్రేలియా 5 వికెట్లకు 99. హర్భజన్ బంతి తిరుగుతోంది, వాంఖెడే నిండా ఉత్సాహం. అప్పుడు దిగిన గిల్‌క్రిస్ట్ 112 బంతుల్లో 122 చేసి, మాథ్యూ హేడెన్‌తో కలిసి 197 పరుగులు జోడించాడు. ఆస్ట్రేలియా పది వికెట్ల తేడాతో గెలిచింది. అది వారికి వరుసగా పదహారో విజయం.

ఆ సిరీస్‌లో తర్వాత ఏమైందో కూడా చెప్పకపోతే విశ్లేషణ ఏకపక్షమవుతుంది. కోల్‌కతాలో రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ మొదటి బంతికే సున్నా. చెన్నైలో రెండుసార్లూ ఒక్కొక్క పరుగు. ముంబయి సెంచరీ తర్వాత నాలుగు ఇన్నింగ్స్‌ల్లో రెండు పరుగులు. వేగంగా ఆడేవాడికి ఇలాంటి కరువు తప్పదు, దాన్ని భరించే బలం జట్టుకు ఉండాలి. హేడెన్, లాంగర్, పాంటింగ్, వా సోదరులు, మార్టిన్ ముందున్న జట్టులో గిల్‌క్రిస్ట్ సున్నాకు ఔటైనా ఇల్లు కూలదు. ఆయన స్వేచ్ఛకు సగం కారణం ఆయన ప్రతిభ అయితే, మిగతా సగం ఆ ఆరుగురు. ఆయన్ని అనుకరించిన జట్లన్నీ మర్చిపోయిన సంగతి ఇది.

2002 ఫిబ్రవరిలో జొహన్నెస్‌బర్గ్‌లో 212 బంతుల్లో డబుల్ సెంచరీ చేసినప్పుడు అది టెస్టుల్లో అత్యంత వేగవంతమైనది; న్యూజీలాండ్ ఆటగాడు నాథన్ ఆస్టిల్ నెల తిరక్కుండానే ఆ రికార్డును దాటేశాడు. 2006 డిసెంబరులో పెర్త్‌లో ఇంగ్లండ్‌పై 57 బంతుల్లో చేసిన సెంచరీ, వివియన్ రిచర్డ్స్ 56 బంతుల రికార్డుకు ఒక్క బంతి దూరంలో ఆగింది. ఆ ఇన్నింగ్స్‌లో మాంటీ పనేసర్ వేసిన ఒకే ఓవర్లో 24 పరుగులు వచ్చాయి. మొదటి ఇన్నింగ్స్‌లో ఆయనది సున్నా.

బ్యాట్స్‌మన్‌గా ఆయనకు అసలైన పరీక్ష పెట్టింది ఇంగ్లండ్‌తో ఆడిన 2005 యాషెస్ సిరీస్. ఆండ్రూ ఫ్లింటాఫ్ వికెట్‌కు రెండో వైపు నుంచి, అంటే అరౌండ్ ద వికెట్ వచ్చి, బంతిని ఆఫ్ స్టంప్ మీదికి లోపలికి తెస్తూ అక్కడి నుంచి బయటికి జరిగేలా వేశాడు. గిల్‌క్రిస్ట్ బలమంతా చేతులు పూర్తిగా చాచి కొట్టడంలో ఉంది. బంతి శరీరానికి దగ్గరగా వస్తే చేతులు చాచడానికి చోటుండదు. వదిలేద్దామంటే స్టంప్స్ తగులుతాయన్న భయం. సిరీస్ మొత్తంలో 181 పరుగులే వచ్చాయి, ఒక్క అర్ధసెంచరీ కూడా లేదు. అయినా ఆయనను తప్పించాలన్న వాదన బలపడలేదంటే, అందుకు కారణం గ్లవ్స్ ధరించిన చేతులే. బ్యాట్స్‌మన్‌గా మాత్రమే ఉండి ఉంటే ఆ 181 పరుగులకు లెక్క చెప్పుకోవలసి వచ్చేది.

ఆ చేతుల గురించి రాసినవారు తక్కువ. ఆయన వికెట్ల వెనక నిలబడింది షేన్ వార్న్‌కు, గ్లెన్ మెక్‌గ్రాకు, బ్రెట్ లీకి, స్టువర్ట్ మెక్‌గిల్‌కు. వీరిలో ఇద్దరు లెగ్ స్పిన్నర్లు. లెగ్ స్పిన్నర్ బంతి కుడిచేతి బ్యాట్స్‌మన్ కాళ్ల వెనక పడి తిరిగేటప్పుడు కీపర్‌కు కొన్ని క్షణాలు బంతి కనిపించదు. బ్యాట్స్‌మన్ శరీరం అడ్డం. అది ఎక్కడ తేలుతుందో, ఎంత ఎత్తుకు లేస్తుందో బౌలర్ మణికట్టును చూసి ముందే ఊహించి ఉండాలి. తొందరపడి ముందే లేచినవాడికి కిందగా వచ్చే బంతి అందదు. అందుకే బంతితో పాటే పైకి లేవడం నేర్పుతారు. ఆరడుగులు దాటిన మనిషికి ఇది మరీ కష్టం. రోజుకు తొంభై ఓవర్లంటే 540 బంతులు, 540 సార్లు కూర్చుని లేవడం. మరుసటి రోజు అదే కాళ్లతో బ్యాటింగ్. టెస్టుల్లో ఆయన పేరిట 379 క్యాచ్‌లు, 37 స్టంపింగులు, మొత్తం 416 ఉన్నాయి. రిటైరయ్యేనాటికి అది ప్రపంచ రికార్డు. తొలి టెస్టు నుంచి చివరి టెస్టు దాకా ఒక్క మ్యాచ్ కూడా మానకుండా వరుసగా 96 ఆడడం, ఇన్ని పరుగుల మధ్య అంతగా ఎవరూ ప్రస్తావించని ఘనత. స్పిన్‌కు కీపింగ్ చేయడంలో హీలీ అంతటి నైపుణ్యం ఆయనకు లేదని చెప్పేవారున్నారు, ఆ మాటలో నిజం ఉంది. కానీ ఆ తేడా చిన్నది, ఇరవై పరుగుల తేడా పెద్దది. సెలెక్టర్లు బేరీజు వేసింది ఈ రెంటినే. కీపింగ్‌లో తేడా పెద్దదై ఉంటే వార్న్ ఉన్న జట్టులో ఆ బేరం ఒక్క సీజన్ కూడా నిలిచేది కాదు.

ప్రపంచకప్ ఫైనళ్ల సంగతి క్రికెట్ చూసే ప్రతి తెలుగు ఇంటికీ తెలుసు. 1999లో పాకిస్థాన్‌పై 54, 2003లో మనపై 57, 2007లో శ్రీలంకపై 104 బంతుల్లో 149. మూడో ఫైనల్లో ఎడమచేతి గ్లవ్‌లో స్క్వాష్ బంతిని పెట్టుకుని ఆడడం వివాదమైంది. ఎడమచేతి బ్యాట్స్‌మన్‌కు హ్యాండిల్ మీద కింద ఉండేది ఎడమ చెయ్యే. ఆ చెయ్యి గట్టిగా పట్టేస్తే బ్యాట్ అడ్డం తిరిగి బంతి గాల్లోకి లేస్తుంది. అరచేతికీ హ్యాండిల్‌కూ మధ్య ఆ రబ్బరు బంతి ఉంటే చివరి రెండు వేళ్లు బిగుసుకోవు. బొటనవేలు, చూపుడువేలు మాత్రమే బ్యాట్‌ను నడుపుతాయి, పై చెయ్యి దారి చూపుతుంది, బ్యాట్ నిటారుగా వస్తుంది. పెర్త్‌లోని ఆయన శిక్షకుడు బాబ్ మ్యూల్‌మన్ సలహా ఇది. శ్రీలంక నుంచి ఫిర్యాదు వచ్చినా, నిబంధనలు చూసే ఎంసీసీ అందులో తప్పు లేదని తేల్చింది.

2003 సెమీఫైనల్ ఇంకో కారణంతో గుర్తుండాలి. పోర్ట్ ఎలిజబెత్‌లో శ్రీలంకపై, అరవింద డిసిల్వా బంతిని స్వీప్ చేయబోతే అది బ్యాట్‌కు తగిలి, ప్యాడ్ మీద పడి పైకి లేచి కీపర్ సంగక్కర చేతుల్లో పడింది. అంపైర్ రూడీ కోర్ట్‌జెన్ నాటౌట్ అన్నాడు. 20 బంతుల్లో 22 పరుగులతో ధాటిగా ఆడుతున్న గిల్‌క్రిస్ట్ తనంతట తానే బయటికి నడిచాడు. అంపైర్ వేలెత్తేదాకా కదలకపోవడమే అలవాటైన జట్టులో అది సొంతవారికే మింగుడుపడని పని. రోజంతా బ్యాట్స్‌మన్ అంచులను చెవితో వినే కీపర్‌కు, తన బ్యాట్ అంచు తనకు వినిపించలేదని నటించడం సాధ్యం కాదు. ఆ నడకను ఆయన మంచితనానికి గుర్తుగా చెప్పుకోవడం కద్దు. ఆయన వృత్తికి గుర్తుగా చూడడం మరింత సరైనది.

2004లో కెప్టెన్ పాంటింగ్ బొటనవేలు విరగడంతో భారత పర్యటనలో మొదటి మూడు టెస్టులకూ నాయకత్వం ఈయనకు వచ్చింది. బెంగళూరులో ఆయన సెంచరీతో గెలుపు, చెన్నైలో వాన వల్ల డ్రా, నాగ్‌పూర్‌లో గెలుపు. 1969–70 తర్వాత భారత గడ్డపై ఆస్ట్రేలియా గెలిచిన మొదటి సిరీస్ అది. ఎప్పుడూ దాడి చేసే ఆ జట్టు మొదటి గంటలోనే బౌండరీ దగ్గర ఫీల్డర్లను పెట్టి, స్టంప్స్ మీదికి బంతులు వేసి, మన బ్యాట్స్‌మెన్ ఓపికను పరీక్షించింది. బంతి ఏ లైన్‌లో వేస్తే బ్యాట్స్‌మన్ అసహనానికి గురవుతున్నాడో అందరికన్నా బాగా కనిపించేది కీపర్‌కే.

ఆయన ప్రభావం మన మీద ఎలా పడిందన్నది వేరే కథ. నయన్ మోంగియా తర్వాత భారత సెలెక్టర్లు ఎమ్మెస్కే ప్రసాద్, సబా కరీమ్, విజయ్ దహియా, సమీర్ దిఘే, దీప్ దాస్‌గుప్తా, అజయ్ రాత్రా, పార్థివ్ పటేల్ అంటూ వెతుకుతూనే పోయారు. వన్డేల్లో చివరికి రాహుల్ ద్రవిడ్‌కే గ్లవ్స్ తొడిగి 2003 ప్రపంచకప్ ఆడించారు. 2005 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో పాకిస్థాన్‌పై ధోనీ 148 కొట్టాకే ఆ వెతుకులాట ఆగింది. ఈ కొత్త కొలత తెలుగు ప్రాంతాల కీపర్లకు కలిసిరాలేదు. హైదరాబాద్‌కు చెందిన పి. కృష్ణమూర్తి అంతకు చాలా ముందే, 1971 వెస్టిండీస్ పర్యటనలో ఐదు టెస్టులు ఆడి, పరుగులు లేక ఆగిపోయాడు. గుంటూరు ఆటగాడు ఎమ్మెస్కే ప్రసాద్ 1999–2000లో ఆస్ట్రేలియా పర్యటనకు వెళ్లినప్పుడు ఎదుటి జట్టు కీపర్ గిల్‌క్రిస్ట్. ప్రసాద్ ఆరు టెస్టులతో సరిపెట్టుకోవలసి వచ్చింది. విశాఖకు చెందిన కె.ఎస్. భరత్ తిరిగే పిచ్‌లపై చక్కని కీపింగ్ చేసి కూడా, 20 సగటు దగ్గర ఏడు టెస్టులతో 2024లో స్థానం కోల్పోయాడు. ముగ్గురినీ నిలవనివ్వనిది బ్యాటే. 27 సగటు చాలన్న కాలంలోనైతే భరత్‌కు ఇంకొంత గడువు దొరికేదేమో. ఈ కాలంలో కీపర్‌కు బ్యాటింగ్ తప్పనిసరి అన్నది కాదనలేని నిజం. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో సాయంత్రాలు నెట్స్‌కు వచ్చే కుర్రాడు బ్యాటింగ్ నేర్చుకోవలసిందే. కానీ అదే నెట్స్‌లో కీపర్‌కు విడిగా గంట కేటాయించి, స్పిన్నర్‌కు దగ్గరగా నిలబెట్టి, ఎగుడుదిగుడు మట్టి మీద లేచే బంతులు పట్టించే శిక్షణ అరుదు. ఆ గంట లేకుండా గిల్‌క్రిస్ట్ పేరు చెప్పడం ఆయనకు అన్యాయం చేయడమే.

ఆయన ఎందుకు రిటైరయ్యాడో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 2008 జనవరిలో అడిలైడ్ టెస్టులో బ్రెట్ లీ బంతికి వీవీఎస్ లక్ష్మణ్ బ్యాట్ అంచు తగిలి వచ్చిన క్యాచ్ ఆయన గ్లవ్స్‌లో నిలవలేదు. తేలికైన క్యాచే. పెద్ద తెర మీద మళ్లీ మళ్లీ చూపిస్తుంటే చూసి, ఇక చాలని అప్పుడే అనుకున్నానని ఆయన తర్వాత చెప్పాడు. జనవరి 26న, టెస్టు మధ్యలోనే, రిటైర్మెంట్ ప్రకటించాడు. దక్షిణాఫ్రికా కీపర్ మార్క్ బౌచర్‌ను దాటి అత్యధిక ఔట్ల రికార్డు అందుకున్నది కూడా ఆ మ్యాచ్‌లోనే. బ్యాట్ అప్పటికి అలసిపోలేదు: తర్వాతి నెలలో పెర్త్‌లో శ్రీలంకపై వన్డేలో 118 చేశాడు. బ్యాట్స్‌మన్‌గా ఇంకో రెండేళ్లు ఆడగలిగిన మనిషి, ఒక్క క్యాచ్ జారినందుకు ఆపేశాడు.

హైదరాబాద్ పేరున్న డెక్కన్ చార్జర్స్‌కు ఆయన ఆడిన మూడు ఐపీఎల్ సీజన్లను తెలంగాణ ప్రేక్షకులు సొంతంగా భావిస్తారు, అయినా కళ్లారా చూసింది తక్కువ. 2008లో ఉప్పల్‌లో ఆడిన అన్ని మ్యాచ్‌లలోనూ జట్టు ఓడి, పట్టికలో అట్టడుగున నిలిచింది. ముంబయి జట్టుపై 42 బంతుల్లో ఆయన చేసిన సెంచరీ నవీ ముంబయిలో వచ్చింది. 2009లో ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలింది. 2010లో తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉండడంతో, ఇటు కాకతీయ విశ్వవిద్యాలయం, అటు ఉస్మానియా రగులుతుండగా, సొంత మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబయికి వెళ్లాయి. వరంగల్ నుంచి రెండున్నర గంటల ప్రయాణంలో ఉన్న ఉప్పల్‌లో ఆయన జట్టు గెలుపును ఎవరూ చూడలేకపోయారు, ఉన్నదల్లా టీవీయే.

ఆ టీవీలో 2009 మే నెలలో కనిపించిన రెండు మ్యాచ్‌లలో ఆయన ఆటంతా ఉంది. ఢిల్లీపై సెమీఫైనల్లో 35 బంతుల్లో 85 పరుగులు అందరికీ గుర్తున్నాయి. మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరుపై ఫైనల్లో మాత్రం కుంబ్లే వేసిన తొలి ఓవర్లోనే సున్నాకు వెనుదిరిగాడు. డెక్కన్ 143 దగ్గర ఆగింది, కాపాడుకోవలసింది కొద్ది స్కోరు. అక్కడి నుంచి ఆయన చేయగలిగింది కెప్టెన్‌గా, కీపర్‌గా మాత్రమే. 32 పరుగులతో ప్రమాదకరంగా కనిపిస్తున్న వాన్ డర్ మెర్వ్‌ను ఓజా బౌలింగ్‌లో స్టంప్ చేశాడు. సైమండ్స్ బౌలింగ్‌లో రాస్ టేలర్ ఔటైన వెంటనే యువ కోహ్లీని కూడా స్టంప్ చేశాడు. చివరి ఓవర్లో 15 కావలసి ఉండగా ఆర్పీ సింగ్ ఎనిమిదే ఇచ్చాడు. డెక్కన్ ఆరు పరుగులతో గెలిచింది. టోర్నీలో ఉత్తమ ఆటగాడి పురస్కారం 495 పరుగులు చేసిన గిల్‌క్రిస్ట్‌కే దక్కింది. ఫైనల్ స్కోరుకార్డులో ఆయన బ్యాటింగ్ వరుసకు ఎదురుగా ఉన్నది సున్నా. ప్రత్యర్థి వికెట్ల జాబితాలో ఆయన పేరు స్టంపింగుల దగ్గర ఉంది.